ఎనిమిదీ నలభైగారు

అతను ఆమెతో అన్న మొట్టమొదటి మాట ఒక చీవాటు. అది వెళ్ళి ఆమెకే తగులుతుందని అతనికి తెలియదు. అసలు అలాంటి మనిషి ఒకరు ఉన్నారనే తెలియదు.

"ఈ ప్రశ్నలు రాసిన పంతులుగారు జన్మలో ఒక్కసారైనా బస్సు ఎక్కారా? 'మీ పని మీద మీకు ఎంత అదుపు ఉందని భావిస్తున్నారు' అట! రెండొందల మంది డ్రైవర్లకి పదకొండేళ్ళుగా డ్యూటీ చార్టు వేస్తున్నా. డ్యూటీ ఎక్కే ముందు ముగ్గురు ఫోన్ చేసి జ్వరమంటే ఆ అదుపు ఎక్కడికి పోతుందో పంతులుగారే వచ్చి వెతికిపెట్టాలి. ఎలాగూ ఇది చదివే దిక్కు లేదు కాబట్టి తెలుగులో రాస్తున్నా. ప్రాణానికి హాయిగా ఉంది."

యూనివర్సిటీ రెండో అంతస్తులో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కంప్యూటర్ తెర మీద ఇది చదివిన ఆ పంతులుగారు పకపకా నవ్వేసింది. చుట్టూ ఉన్న ఇరవై రెండేళ్ళ పిల్లలు ఉలిక్కిపడి చూశారు. సెమిస్టర్ మొదలయ్యాక ఆవిడ అంత గట్టిగా నవ్వడం వాళ్ళు వినలేదు.

ఆమెకి ముప్పై ఎనిమిదేళ్ళు. పదమూడేళ్ళు ఒక పెద్ద కంపెనీలో హెచ్ఆర్ పని చూసింది. నాలుగొందల మంది మంచిచెడ్డలు ఆమె చేతిలో ఉండేవి. ఆ కేబినూ, ఆ కుర్చీ వదిలేసి, పరాయి దేశంలో ఆర్గనైజేషనల్ సైకాలజీ చదవడానికి వచ్చింది. పని చేసే చోట మనుషుల మనసులు ఎలా నడుస్తాయో చెప్పే చదువది.

"పదమూడేళ్ళు చేసిన పనే కదమ్మా. మళ్ళీ దాన్నే చదవడమేంటి?" అని వాళ్ళ నాన్న అడిగాడు.

"చేశాను నాన్నా. తెలుసుకోలేదు."

"సరే విద్యార్థినిగారూ! పెన్సిలు చెక్కుకోవడం మర్చిపోకండి," అన్నాడాయన.

మొదటి రోజు క్లాసులో అందరూ వెనక బెంచీల కోసం పోటీ పడుతుంటే ఆమె తాపీగా వెళ్ళి ముందు బెంచీలో కూర్చుంది. ఆమెకి ఈ వయసులో చదువేమిటన్న బెరుకు ఇసుమంతైనా లేదు. నిజం చెప్పాలంటే ఆ పిల్లలే ఆమెని చూసి కాస్త సర్దుకుని కూర్చున్నారు.

ఆమె పరిశోధనకి ఆ ఊరి బస్ డిపో ఒప్పుకుంది. నూట ఇరవై మంది తమంతట తాము పేరిచ్చారు. ఎనిమిది వారాలపాటు ప్రతి శుక్రవారం వాళ్ళ ఫోన్లకి పది ప్రశ్నలు వెళ్తాయి. ఆఖర్న ఒక ఖాళీ గడి ఉంటుంది, చెప్పాలనుకున్నది ఏదైనా రాసుకోవచ్చు. జవాబుల మీద ఎవరి పేరూ ఉండదు, నెంబరే ఉంటుంది. నూట పంతొమ్మిది మంది ఆ గడిని ఖాళీగా వదిలేశారు. అరవై ఒకటో నెంబరు మాత్రం తెలుగులో తిట్టిపోశాడు.

ప్రొఫెసర్‌గారు, అంటే నెరిసిన జుట్టుతో పొట్టిగా ఉండే ఒకావిడ, ఆ తెలుగు అక్షరాలని కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఇది మీ భాష కదూ? ఈ మనిషెవరో మీకు తెలుసా?"

"తెలీదు."

"తెలిసిన రోజున నాకు చెప్పాలి. ఆ క్షణం నుంచి అతని జవాబులు మీరు చూడకూడదు, మీరిద్దరూ కలవకూడదు. డిపో వైపు అసలు వెళ్ళకండి. అంతవరకూ దీన్ని ఇంగ్లీషులోకి మార్చే పని మీదే."

"అలాగే," అంది ఆమె. ఊరికే అనలేదు.

పాత కంపెనీలో స్టోర్స్ చూసే ఒకాయన ఉండేవాడు. 'పేర్లక్కర్లేదు, మనసు విప్పి రాయండి' అంటూ ఆమే పంపిన సర్వేలో ఆయన నిజంగానే మనసు విప్పి రాశాడు. పై అధికారి ఆ కాగితం ఆడిస్తూ "ఎవరిదై ఉంటుంది?" అన్నాడు. మాట తీరు పట్టి మనిషిని పోల్చడంలో తనంత దిట్ట లేదన్న గర్వంతో ఆమె చప్పున పేరు చెప్పేసింది. నెల తిరక్కుండా ఆయన్ని ఎక్కడో గోడౌన్‌కి మార్చారు. వెళ్ళేముందు ఆమె కేబిన్‌కి వచ్చి, "మీరు అడిగారనే రాశానమ్మా," అని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాటే రెండేళ్ళు నిద్రపట్టనివ్వక ఆమెని ఈ చదువుదాకా లాక్కొచ్చింది.

రెండోవారం గడిలో ఇలా ఉంది: "పంతులుగారూ, 'తోటివాళ్ళు మీ మాట వింటారా' అన్నారు. నా మాట ఎవరు వింటారండీ? మా ఇంట్లో మా అక్కే వినదు. డిపోలో అందరూ చార్టు మాట వింటారు. ఆ చార్టు నా మాట వినదు. అదీ సంగతి."

ఆమెకి దాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి గంట పట్టింది. మొదటి అరగంట నవ్వడానికే సరిపోయింది.

మూడోవారం బుధవారం పొద్దున వాన. ఆ ఊరి వానకి ఒక పద్ధతీ పాడూ లేదు. గొడుగు తెరిస్తే ఆగేది, మూస్తే మొదలయ్యేది. యూనివర్సిటీకి వెళ్ళే ఎనిమిదీ నలభై బస్సు ఎనిమిదీ యాభై ఐదు అయినా జాడ లేదు. స్టాపు చివర రెయిన్‌కోటు వేసుకున్న ఒక మనిషి అట్ట మీద ఏదో రాసుకుంటున్నాడు. కోటు మీద బస్సువాళ్ళ గుర్తుంది.

ఆమె ఊరుకుంటుందా? నేరుగా వెళ్ళి ఇంగ్లీషులో నిలదీసింది. "ఈ వారంలో ఇది మూడోసారి. ఈ టైములు పెట్టినాయన్ని ఒకసారి తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టాలి."

అతను తలెత్తకుండానే అదే భాషలో, రోడ్డు తవ్వుతున్నారనీ బస్సులు చుట్టు తిరిగి రావాల్సి వస్తోందనీ మర్యాదగా చెప్పాడు. ఆపైన అటు తిరిగి తెలుగులో గొణిగాడు. "నిలబెట్టారుగా తల్లీ. గంట నుంచీ తడుస్తూ నిలబడే ఉన్నా."

"తల్లీ ఏంటండీ తల్లీ! చూడబోతే నాకన్నా మీరే పెద్దవాళ్ళలా ఉన్నారు," అంది ఆమె, తెలుగులోనే.

అతని చేతిలో పెన్ను జారి నీళ్ళగుంటలో పడింది.

"మీరు... తెలుగా?"

"ముందు బస్సు సంగతి చెప్పండి."

"వస్తుందండీ. నాలుగు నిమిషాల్లో రాకపోతే నా పేరు మార్చుకుంటా." పెన్ను తీసి కోటుకి తుడుచుకుంటూ నవ్వాడు. చెంపలు కాస్త నెరిశాయి గానీ నవ్వు మాత్రం పాతికేళ్ళ దగ్గరే ఆగిపోయింది. "తిట్టాలంటే నేరుగా నన్నే తిట్టండి. పదకొండేళ్ళుగా ఈ డిపోకి చార్టు వేసేది నేనే."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. అరవై ఒకటి! ఎదురుగా, వానలో తడుస్తూ, నిక్షేపంలా నిలబడి ఉన్నాడు.

బస్సు నాలుగో నిమిషంలో వచ్చింది. ఆమె ఎక్కి కూర్చుని, దిగగానే ప్రొఫెసర్‌గారికి చెప్పేయాలనుకుంది. యూనివర్సిటీ మెట్లు ఎక్కేసరికి, 'ఆ డిపోలో తెలుగువాళ్ళు ఇంకెవరైనా ఉండొచ్చుగా' అనిపించింది. ఆ డిపోకి చార్టు వేసేవాళ్ళు ఇంకెవరు ఉంటారని మనసు అడిగితే, మనసుని కాస్త నోరు మూసుకోమంది.

రోడ్డు తవ్వకం సాగినన్నాళ్ళూ అతను రోజూ ఆ స్టాపులోనే ఉన్నాడు. రెండో రోజే పేరు పెట్టేశాడు.

"రండి, ఎనిమిదీ నలభైగారూ!"

"ఇవాళ ఎంత ఆలస్యం?"

"మీరే రెండు నిమిషాలు ఆలస్యం. బస్సు మీకోసం ఆగనా వద్దా అని ఆలోచిస్తోంది."

"మీరు ఆపారా?"

"చార్టు మీద ఒట్టు, ఆపలేదు. డ్రైవరు బూటు లేసు కట్టుకుంటున్నాడు. కట్టుకోమంది నేనే అనుకోండి."

ఆమె ఏం చదువుతోందని అడిగితే, "మనుషుల గురించి" అంది. "దానికి చదువెందుకండీ, మా డిపోకొచ్చి ఓ మూల కూర్చోండి, పట్టా చేతికొస్తుంది," అన్నాడు. ఆమె మాట మార్చేసింది. అతను కాగితం కప్పులో కాఫీ తెచ్చేవాడు. ఏ డ్రైవరుకి ఆదివారం ఎందుకు కావాలో, ఎవరి పక్కన ఎవరిని వెయ్యకూడదో కబుర్లు చెప్పేవాడు. తన ప్రశ్నల్లో సగం ఎందుకు పేలవంగా ఉన్నాయో ఆమెకి అప్పుడు అర్థమైంది.

రోజూ సాయంత్రం ప్రొఫెసర్‌గారి తలుపుదాకా వెళ్ళేది. ఒకరోజు ఆవిడ ఫోన్‌లో ఉంది. ఒకరోజు ఎవరితోనో మాట్లాడుతోంది. ఇంకోరోజు ఖాళీగానే ఉంది. అయినా ఆమె వెనక్కి తిరిగొచ్చింది. చెబితే శుక్రవారాలు పోతాయి, పొద్దుటి కాఫీ పోతుంది. రెండూ వదులుకోవాలని లేదు. అంతే, అంతకు మించి కారణం లేదు.

ఆరోవారం శుక్రవారం గడి నిండా అక్షరాలు.

"పంతులుగారూ, 'ఈ వారం మీకు సంతోషం కలిగించిన విషయం ఏది' అన్నారు. ఇన్నాళ్ళకి ఒక్క మంచి ప్రశ్న వేశారు. చెబుతా. యూనివర్సిటీకి వెళ్ళే బస్సు కోసం ఒకావిడ వస్తారు. నేను ఎనిమిదీ నలభైగారు అంటా. రోడ్డు పని పోయినవారమే అయిపోయింది. ఇప్పుడు నాకు ఆ స్టాపులో పనేం లేదు. అయినా రోజూ పోయి నిలబడుతున్నా. ఇది డిపోలో ఎవరికీ తెలీదు, మా అక్కకి కూడా. ఆవిడ నవ్వితే ఆ రోజు ముప్పై మంది జ్వరమన్నా చార్టు వేసెయ్యగలననిపిస్తుంది. నలభై రెండేళ్ళొచ్చాయి, సిగ్గు లేదా అనకండి. ఉంది. అందుకే ఆవిడకి చెప్పలేక, చదవరని తెలిసిన మీకు చెబుతున్నా."

ఆమెని సంతోషం ముంచెత్తింది. ఇంకోసారి చదివింది. మూడోసారి చదువుతుండగా సంతోషం చల్లగా జారిపోయి, దాని చోట సిగ్గు మిగిలింది. అతను తలుపు వేసుకుని లోపల అనుకున్న మాటని తను తలుపు సందులోంచి వింది. స్టోర్స్ చూసే ఆయన దగ్గరా ఇదే చేసింది. ఈసారి పేరు ఎవరికీ చెప్పలేదు గానీ తనే దోచుకుంది.

అనువాదం చేయాల్సిన పేజీలో 'మిస్ ఎయిట్-ఫార్టీ' అని టైపు చేసింది. చేతులు ఆగిపోయాయి. లేచి ప్రొఫెసర్‌గారి గదిలోకి వెళ్ళింది. ఈసారి తలుపు దగ్గర ఆగలేదు.

"అరవై ఒకటి ఎవరో నాకు తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మూడు వారాలు దాటింది."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీ థీసిస్‌లో ఇది ఉన్నదున్నట్టు రాయాలి. పరీక్షించేవాళ్ళు దీన్ని క్షమించకపోవచ్చు. డిగ్రీ ఒక ఏడాది వెనక్కి పోవచ్చు. తెలుసా?"

"తెలుసు."

"అతనికి చెప్పాలి. తన జవాబులన్నీ తీసేయమనే హక్కు అతనికుంది. ఉత్తరం నేను రాస్తాను."

"వద్దు. తప్పు నాది, నేనే చెబుతాను."

ఆవిడ సొరుగులోంచి ఒక ఫారం తీసిచ్చింది. "ఒక్కసారే. బతిమాలకూడదు. అతను తేల్చుకునేదాకా మళ్ళీ కలవకూడదు."

సోమవారం పొద్దున అతను రెండు కప్పులతో సిద్ధంగా ఉన్నాడు. "ఏంటి ఎనిమిదీ నలభైగారూ, మొహం అలా ఉంది? బస్సు టైముకే వస్తోందిగా."

"మీరు ప్రతి శుక్రవారం తిట్టే పంతులుగారు ఉన్నారే," అంది ఆమె. "అది నేనే."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతని నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"తెలుగు ఎవరూ చదవరనుకున్నారు మీరు. నేను చదివాను. మొదట్లో ఎవరో తెలీదు. వాన రోజున తెలిసింది. తెలిసిన క్షణమే చెప్పాలి. చెప్పలేదు."

"ఆరోవారం రాసింది?"

"చదివాను."

"ఎంతవరకు?"

"చివరిదాకా. మూడుసార్లు."

అతను కప్పులు రెండూ స్టాపులోని బల్ల మీద పెట్టేశాడు. అతనికి కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. "పొద్దున నాతో నవ్వుతూ మాట్లాడి, వెళ్ళి నా లోపలి మాట తీరిగ్గా చదువుకున్నారన్నమాట."

"అవును."

"ఎందుకని అడిగితే ఏమంటారు?"

"ఏ కారణం చెప్పినా సాకులాగే ఉంటుంది. మీకు అన్యాయం చేశాను. క్షమించమని అడగడానికి కూడా ఇవాళ నాకు అధికారం లేదు." ఫారం అతని చేతికిచ్చింది. "మీరు రాసిందంతా తీసేయమనొచ్చు. కారణం చెప్పక్కర్లేదు."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎనిమిదీ నలభై బస్సు సరిగ్గా టైముకొచ్చింది. ఆమెకి ఏడుపొచ్చింది.

సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన ఊ కొడుతూ విన్నాడు.

"ఆ స్టోర్సాయన విషయంలో ఏం చేశావమ్మా?"

"ఏమీ చెయ్యలేదు. ఎదురుపడితే తప్పుకున్నాను."

"మరి ఇప్పుడు?"

"నేనే వెళ్ళి చెప్పాను."

"అయితే చదువు వంటబట్టినట్టే. డిగ్రీ ఎప్పుడొస్తే ఏం," అన్నాడాయన. మళ్ళీ తనే, "కుర్రాడు బాగుంటాడా?" అనడిగాడు.

"నాన్నా! నలభై రెండేళ్ళు."

"నాకు డెబ్బై. నాకు కుర్రాడే."

ఏడోవారం శుక్రవారం అరవై ఒకటో నెంబరు నుంచి ఏమీ రాలేదు. అయితే మిగతా గడులు చూసి ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆరు వారాలుగా ఖాళీగా ఉన్న గడులు నిండిపోయాయి. గుండ్రటి అక్షరాలు, కొక్కేలున్నవి, కుడి నుంచి ఎడమకి పోయేవి, ఎన్నో భాషలు. ఒక్కటీ ఆమెకి రాదు. ఇంగ్లీషులో రాసినవాళ్ళు ఒక్కరే ఉన్నారు.

"మా చార్టు వేసే మనిషి డ్యూటీకి ముందు అందర్నీ నిలబెట్టి చెప్పాడు. మనం రాసేది అక్కడ నిజంగా చదువుతున్నారట. ఎవరి భాషలో వాళ్ళు రాసుకోమన్నాడు. భయం లేదా అని అడిగాం. తప్పు చేస్తే దాచకుండా వచ్చి మొహం మీద ఒప్పుకునే మనుషులు, వాళ్ళని నమ్మొచ్చు అన్నాడు."

ప్రొఫెసర్‌గారు ఆమె భుజం మీదుగా తెర చూసి, "ఇప్పుడు ఇన్ని భాషలవాళ్ళని నేనెక్కణ్ణుంచి తేవాలి?" అని విసుక్కుంది. ఆ విసుగులో సంబరం దాగలేదు.

ఎనిమిదోవారం అయ్యాక, సోమవారం పదిగంటల క్లాసుకి వెళ్తుంటే, వరండాలో బెంచీ మీద అతను కూర్చుని ఉన్నాడు. రెయిన్‌కోటు లేదు. ఇస్త్రీ చొక్కా. చేతిలో ఫారం.

"సంతకం పెట్టాను," అన్నాడు. "నావన్నీ తీసెయ్యమని."

ఆమె థీసిస్‌లో ప్రాణం ఉన్న పేజీలు అవే. అయినా చెయ్యి చాచి కాగితం తీసుకుంది. "మీ హక్కు. ఇప్పుడే ఇచ్చేస్తాను."

"కారణం అడగరా?"

"అడగకూడదు."

"అబ్బో, రూలంటే ఎంత ప్రాణం! ఈ ప్రాణం ఆ వాన రోజునే ఉండాల్సింది."

"ఉండాల్సింది."

"కోపం పోయిందనుకుంటున్నారేమో. పోలేదు. ఇంకా కాస్త ఉంది." చొక్కా చేతులు సర్దుకున్నాడు. "మీరు అడక్కపోయినా చెబుతా. ఆ కాగితం రెండుసార్లు చదివాను. నేను మీ లెక్కలో నెంబరుగా ఉన్నంతకాలం మీరు నాతో మాట్లాడకూడదట. అందుకని నెంబరు వద్దన్నాను. డిపోలో నూట పంతొమ్మిది మంది రాస్తున్నారు, మీకు వాళ్ళు చాలు. నేను మాట్లాడతా. ఇవాళ వీక్లీ ఆఫ్ కూడా."

పదమూడేళ్ళు మీటింగుల్లో ఒక్కసారీ తడబడని మనిషి, కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పింది.

"అక్కకి చెప్పేశాను," అన్నాడతను. "'ఆ పంతులమ్మని ఒకసారి ఇంటికి తీసుకురా, నువ్వు నా గురించి ఏం రాశావో అడగాలి' అంది. అది తర్వాత. ముందు ఒక పని కావాలి. నా మనసులో ఉన్నదంతా మీ దగ్గరుంది. మీ మనసులోది ఒక్క ముక్క నా దగ్గర లేదు. ఇదేం న్యాయమండీ?"

"న్యాయం కాదు," అంది ఆమె. ఫారం సంచిలో పెట్టి అతని పక్కన కూర్చుంది. కళ్ళలోకి చూసింది. "మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. మొదటివారం తిట్టినప్పుడే నవ్వొచ్చింది, ఎన్నాళ్ళకో. ఆ తర్వాత నిజం చెబితే మీరు దూరమైపోతారని నోరు మూసుకున్నాను. అది తప్పని తెలిసీ మూసుకున్నాను. ఇదివరకు ఒకాయన నన్ను నమ్మి రాస్తే ఆయన పేరు చెప్పేశాను. అదీ మీరు తెలుసుకోవాలి. తెలిశాక కూడా నా పక్కన కూర్చుంటే, ఇక మిమ్మల్ని వదిలిపెట్టను."

అతను లేచి వెళ్ళిపోలేదు. బెంచీకి చేరగిలబడి, "సరే. మొదటివారం అయింది," అన్నాడు.

"మొదటివారం ఏంటి?"

"నేను ఆరు వారాలు రాశాను. మీది ఇప్పటికి ఒక్కటే అయింది. ఆ ఒకాయన సంగతి మొదటినుంచి చెప్పండి."

లోపల క్లాసు మొదలైంది. తలుపు మూస్తూ ప్రొఫెసర్‌గారు ఒక్క క్షణం వాళ్ళిద్దర్నీ చూసి, ఏమీ అనకుండా మూసేసింది. ఆమె సంచి పక్కన పెట్టి, అతని వైపు తిరిగి, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.